రేపు ఇచ్చెదనన్న మేలు

అమెరికా దేశపు మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టనుగారి పేరు చెప్పగానే మన సండేస్కూలు పిల్లలకు సహితము ఒక గొడ్డలియు, ఒక చెర్రీ చెట్టును జ్ఞాపకము వచ్చును. తండ్రి ముచ్చటపడి పెంచుకొన్న చెట్టును బాలుడు నరికెననియు, ఎవరు నరికిరని తండ్రి అడుగగా అబద్ధమాడక ఒప్పుకొనెననియు, తండ్రి కోపపడుటకు మారుగా కుమారుని కౌగిలించుకొనెననియు ఆ కథ. మన ప్రసంగములలో ఇది ఎన్నిసార్లు వినబడెనో లెక్కలేదు. అయితే చరిత్ర పరిశోధించినవారు దీనిని నమ్మరు. మేసన్ వీమ్స్ అను ఒక పాదిరిగారు, వాషింగ్టను చనిపోయిన తరువాత, ఆయన జీవితకథను వ్రాసి ఊరూర తిరిగి అమ్మెను. 1800వ సంవత్సరపు మొదటి ముద్రణలో ఆ చెట్టు లేదు. 1806లో వచ్చిన అయిదవ ముద్రణలో అది మొలిచినది. సత్యము పలుకవలెనని పిల్లలకు నేర్పుటకు ఒక దైవసేవకుడు అసత్యమును కల్పింపవలసి వచ్చెను! యుద్ధకాలమందు మంచులో మోకాళ్లూని ప్రార్థించుచున్న సేనాని పటము కొన్ని క్రైస్తవ గృహములలో కనబడును. ఆ కథకును వీమ్సుగారే మూలము.

ఆ పాదిరిగారిని గూర్చి మేమింతకంటె కఠినముగా మాటలాడము. ప్రసంగపీఠమెక్కిన వారందరికిని ఆ శోధన కలదు. కాని కల్పించిన కథను ప్రక్కన పెట్టి, నిజముగా జరిగిన దానిని చూచినయెడల, ఈ మనుష్యుని జీవితములో మనమందరము నిలిచి ఆలోచింపదగిన ప్రశ్న యొకటి దొరకుచున్నది. మేలైనదని తెలిసిన పనిని తన మరణము తరువాతకు వాయిదా వేసినవాడు ఆ మేలు చేసినట్టా, చేయనట్టా?

ఆయన 1732 ఫిబ్రవరి 22న వర్జీనియా రాష్ట్రములో పుట్టెను. 1775లో అమెరికా సేనలకు అధిపతియై, ఎనిమిది సంవత్సరములు ఇంగ్లండు రాజుతో పోరాడి, గెలిచెను. గెలిచిన సేనాని సింహాసనమెక్కుట లోకములో వాడుక. ఈయన 1783 డిసెంబరు 23న అన్నాపొలిస్ పట్టణములో ప్రజాప్రతినిధుల సభ యెదుట నిలిచి, తన అధికారపత్రమును తిరిగి యిచ్చివేసి, పొలము దున్నించుకొనుటకు ఇంటికి వెళ్లెను. 1789లో అధ్యక్షుడై, రెండు పర్యాయములు పాలించి, మూడవసారి వద్దని 1797లో మరల ఇంటికి వెళ్లెను. చేతికి చిక్కిన అధికారమును రెండు మారులు తనంతట తాను విడిచిన మనుష్యుడు. ఒక పంచాయతీ కుర్చీకొరకు, ఆ మాటకు వచ్చిన ఒక సంఘపు పెద్దరికముకొరకు, మనవారు పడు పాట్లు ఎరిగినవారము గనుక ఇది యెంత అరుదైన సంగతియో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

అంతటి వాడు విడువలేనిది ఒకటి ఉండెను.

1743లో తండ్రి చనిపోయినప్పుడు వాషింగ్టను పదకొండేండ్ల బాలుడు. భూమితోకూడ పదిమంది మనుష్యులు ఆయన వంతునకు వచ్చిరి. వారు ఆఫ్రికా సంతతివారైన బానిసలు. ఇక్కడ ఒక మాట చెప్పవలెను. మన తెలుగు బైబిలులో ‘దాసుడు’ అను మాట మృదువుగా వినబడును. మన బిడ్డలకు దేవదాసు అనియు, క్రీస్తుదాసు అనియు ముచ్చటగా పేర్లు పెట్టుకొంటిమి. కాని ఆ దేశములో బానిస యనగా సంతలో వెలకట్టి అమ్మబడువాడు. తల్లి బానిసయైతే బిడ్డయు బానిసయే. తండ్రి ఎవరైనను సరే. పెండ్లి చట్టమునకు తెలియదు. కూలి లేదు. మన తాతముత్తాతలలో కొందరు వెట్టి చేసిరి, అప్పుక్రింద పాలేర్లుగా తరములు గడిపిరి. ఆ బాధ ఎరిగినవారికి దీనిలో సగము అర్థమగును. మిగిలిన సగము దానికంటెను ఘోరము.

వాషింగ్టనుగారు దీనిని తప్పని యెరుగని మనుష్యుడు కాడు. అదియే ఈ సంగతిలోని ముల్లు. 1786 ఏప్రిలులో రాబర్టు మారిస్ అను స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో, ఈ బానిసత్వము తొలగిపోవుటకు ఒక విధానమేర్పడవలెనని తనకంటె యథార్థముగా కోరువాడు బ్రదికియున్నవారిలో లేడని చెప్పుకొనెను. అదే సంవత్సరము సెప్టెంబరులో మరియొకరికి వ్రాయుచు, ఇక మీదట బానిసను కొనుటకు తనకు ఇష్టము లేదనెను. చట్టము అడ్డుగా నున్నదా అందుమా? వర్జీనియాలో 1782వరకు బానిసను విడిపించుటకు ప్రభుత్వపు సెలవు కావలసియుండెను. ఆ సంవత్సరమున చట్టము మారినది. యజమానుడు తన ఇష్టము చొప్పున పత్రము వ్రాసి విడిపింపవచ్చును. 1782 మొదలు 1799వరకు పదునేడు సంవత్సరములు తలుపు తెరచియే యున్నది.

ఆయన పక్షమున చెప్పవలసినది కూడ కలదు, దానిని దాచుట న్యాయము కాదు. మౌంట్ వెర్నన్ అను ఆయన వ్యవసాయక్షేత్రము అయిదు భాగములు, ఎనిమిదివేల ఎకరములు. భూమి మెండు, చేతిలో రొక్కము తక్కువ. 1793, 1794 సంవత్సరములలో నాలుగు భాగములను ఇంగ్లండునుండి వచ్చు రైతులకు కౌలుకిచ్చి, ఆ ఆదాయముమీద బ్రదుకుచు, బానిసలను విడిపింపవలెనని ఒక యోచన చేసెను. తన కార్యదర్శియైన టోబియాస్ లియర్‌కు ఆ సంగతి రహస్యముగా వ్రాసెను. కౌలుదార్లు దొరకలేదు. యోచన అక్కడనే ఆగినది. ఇంకొక చిక్కు: ఆయన భార్య మార్తాగారు 1759లో ఆయనను పెండ్లాడునప్పటికి విధవరాలు. మొదటి భర్త ఆస్తిలోని బానిసలు ఆమె బ్రదికినంతకాలము ఆమె అనుభవములో నుందురు, తరువాత ఆ వంశపు వారసులకు చెందుదురు. వారిని విడిపించు హక్కు వాషింగ్టనుకు లేదు. ఇరుపక్షముల వారును ఒకరినొకరు పెండ్లాడి బిడ్డలను కనిరి. ఒకరిని విడిపించి ఒకరిని ఉంచినయెడల కాపురములు చీలును. ఇవి వట్టి సాకులు కావు, నిజమైన చిక్కులే. కాని మంచి పనికి అడ్డుగా నిజమైన చిక్కులు లేని దినము ఎవరికి వచ్చును?

ఇప్పుడు ఫిలదెల్ఫియా పట్టణపు సంగతి చెప్పవలెను. ఆయన అధ్యక్షుడైయుండగా 1790నుండి ఆ పట్టణమే రాజధాని. అది పెన్సిల్వేనియా రాష్ట్రములోనిది. 1780లో ఆ రాష్ట్రము చేసిన చట్టమును బట్టి, బయటినుండి వచ్చిన యజమానుడు తన బానిసను ఆరు నెలలకు మించి అక్కడ ఉంచినయెడల ఆ బానిస స్వతంత్రుడగుటకు హక్కు పొందును. వాషింగ్టనుగారు ఏమి చేసెను? ఆరు నెలలు నిండకముందే తన యింటి బానిసలను ఒకరి తరువాత ఒకరిని సరిహద్దు దాటించి, మరల తీసికొని వచ్చుచుండెను. 1788లో చేసిన సవరణ ఇట్టి యుపాయమును నిషేధించియే యుండెను. 1791 ఏప్రిలులో లియర్‌కు వ్రాసిన ఉత్తరములో, ఈ పనిని ఆ బానిసలకును ప్రజలకును నిజము తెలియకుండ ఏదో నెపముమీద జరిగింపవలెనని ఆజ్ఞాపించెను. చెర్రీ చెట్టు కథ చెప్పుచు పిల్లలకు ఆయనను సత్యవంతునిగా చూపు మనము ఈ ఉత్తరమును కూడ చదువవలెను. ఇట్లు వ్రాయుచున్నందుకు మాకు సంతోషము లేదు. అబద్ధమాడుట ఆయన స్వభావము కాదని ఆయనను ఎరిగినవారందరు సాక్ష్యమిచ్చిరి. అయినను విడువవలసినదానిని పట్టుకొనియున్నవాడు దానిని కాపాడుకొనుటకు ఏదో ఒక దినమున అబద్ధముయొద్దకు అప్పునకు పోవలసివచ్చును.

ఆ యింటిలో ఓనా జడ్జి అను పడుచు ఉండెను. మార్తాగారి బట్టలు కుట్టునది, తల దువ్వునది, వెంట నడచునది. మార్తాగారి వంతు బానిసలలోనిది. 1796లో ఆమెకు సుమారు ఇరువదిరెండేండ్లు. మార్తాగారు తన మనుమరాలి పెండ్లికి ఆమెను కానుకగా ఇచ్చివేయనున్నట్లు ఆమెకు తెలిసెను. మనము పెండ్లికూతురికి బిందెయో, ఆవుదూడయో ఇచ్చినట్లు! మే 21న, ఆ కుటుంబము భోజనపు బల్లయొద్ద కూర్చుండియుండగా, ఆమె ఇల్లు విడిచి వెళ్లి, ఓడ యెక్కి, ఉత్తరముననున్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు పోర్ట్స్‌మత్ రేవుకు చేరెను. ఆ ఓడ నడిపినవాని పేరు అతడు బ్రదికియున్నంతకాలము ఎవరికిని చెప్పలేదు. ఆమెను పట్టి తెచ్చినవారికి పది డాలర్ల బహుమానమని ఫిలదెల్ఫియా పత్రికలో ప్రకటన వేసిరి.

ఆమె విడిచి వెళ్లిన ఇంటికి కూతవేటు దూరములో శాసనసభా భవనము ఉండెను. దాని గోపురమందలి గంట నేడు లోకప్రసిద్ధమైన స్వాతంత్ర్యపు గంట. దానిమీద పోతపోసిన మాటలు లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయము పదియవ వచనములోనివి. ఏబదియవ యేట దేశవాసులందరికిని విడుదల చాటింపవలెనని దేవుడు మోషేకు ఆజ్ఞాపించిన సునాదసంవత్సరపు వచనము. ఆ గంట మ్రోత వాషింగ్టనుగారి చెవినిపడెను, ఓనా చెవినిపడెను. గంటమీది వచనమును ఎందరు తలయెత్తి చదివిరో మాకు తెలియదు గాని, చదువురాని ఆ పడుచు దాని ప్రకారము నడచుకొనెను.

వాషింగ్టనుగారు విడిచిపెట్టలేదు. ఖజానా మంత్రికి వ్రాసి, ఆ రేవులోని సుంకపు అధికారియైన జోసెఫ్ విపుల్‌ చేత ఆమెను పట్టింపవలెనని చూచెను. ఆ విపుల్‌ను గూర్చి రెండు మాటలు చెప్పకుండ దాటిపోలేము. ప్రభుత్వోద్యోగి, ఆజ్ఞ వచ్చినది సాక్షాత్తు దేశాధ్యక్షుని యొద్దనుండి. ఆయన ఆమెను పిలిపించి, మాటలాడి, ఆమె ఎవరి దుర్బోధవలననో వచ్చినది కాదనియు, స్వాతంత్ర్యముకొరకైన దాహమే ఆమెను తెచ్చినదనియు తెలిసికొని, ఆ మాటనే తిరిగి వ్రాసి పంపెను. బలవంతముగా ఓడ యెక్కించుటకు పూనుకొనలేదు. అధికారులు మంచి మనస్సాక్షితో నిదానించుటవలన ఎందరి ప్రాణములు నిలుచునో గదా. ఓనా ఒక మాట ఒప్పుకొన్నదనియు ఆయన వ్రాసెను: వాషింగ్టను దంపతుల మరణము తరువాత తనను విడిపింతుమని వాగ్దానము చేసినయెడల తాను తిరిగి వచ్చి వారు బ్రదికినంతకాలము సేవ చేయుదునని. వాషింగ్టనుగారు నవంబరు 28న ప్రత్యుత్తరమిచ్చుచు, అట్టి ఒడంబడిక కూడదనెను. పారిపోయినదానికి బహుమానమిచ్చినట్లగును, నమ్మకముగా ఉండినవారి మనస్సులు చెడును అని ఆయన హేతువు. మూడు సంవత్సరములలో ఆయన తన సొంత బానిసలకు వ్రాసియిచ్చినది సరిగా ఆ వాగ్దానమే!

ఇక్కడ మనకు ఫిలేమోను పత్రిక తలపునకు రాక మానదు. ఒనేసిము అను దాసుడు యజమానుని విడిచి వెళ్లి, రోమా బంధకములలోనున్న పౌలువలన విశ్వాసియయ్యెను. పౌలు అతనిని తిరిగి పంపెను. అమెరికాలో బానిసల యజమానులు ఈ సంగతిని పట్టుకొని, చూడుము, అపొస్తలుడే పారిపోయిన దాసుని తిరిగి పంపెనని వాదించుచుండిరి. వారు ద్వితీయోపదేశకాండము ఇరువదిమూడవ అధ్యాయమును దాటిపోయిరి. యజమానునియొద్దనుండి తప్పించుకొని వచ్చిన దాసుని తిరిగి అప్పగింపకూడదనియు, అతడు కోరిన స్థలమున అతనిని ఉండనియ్యవలెననియు అక్కడ ఆజ్ఞ కలదు. 1793లో పారిపోయిన బానిసలను పట్టుకొను చట్టముమీద సంతకము చేసినది వాషింగ్టనుగారే. ఇక పౌలు పంపిన విధము చూడుడి. ఇకను దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మనెను. అతని అప్పు తన లెక్కలో వేయుమనెను. అంతటితో ఊరకొనక, నాకు బస సిద్ధము చేయుము, నేను వచ్చెదననెను. మేము ఈ చివరి మాట చదువునప్పుడెల్ల నవ్వుకొందుము. పెద్దాయన వచ్చి కన్నులార చూచునని తెలిసినప్పుడు ఫిలేమోను ఆ పనిని వీలునామాకు ఎట్లు వాయిదా వేయగలడు? పౌలు కోరినది ఇద్దరును బ్రదికియుండగా, ఒకే బల్లయొద్ద కూర్చుండగా జరుగవలసిన మేలు.

1799 జులైలో వాషింగ్టనుగారు తన వీలునామాను స్వహస్తముతో ఇరువదితొమ్మిది పుటలు వ్రాసెను. ఆ సంవత్సరము ఆ క్షేత్రములో 317 మంది బానిసలుండిరి. వారిలో 123 మంది ఆయన సొంతము. 153 మంది మార్తాగారి వంతు. మిగిలినవారిలో ఎక్కువమంది ఇతరులయొద్ద అద్దెకు తెచ్చినవారు. తన సొంతమైన వారందరు మార్తాగారి మరణానంతరము స్వతంత్రులు కావలెనని వ్రాసెను. ముసలివారికిని రోగులకును వారు బ్రదికినంతకాలము తన వారసులు అన్నవస్త్రములు పెట్టవలెను. దిక్కులేని పిల్లలకు చదువను వ్రాయను నేర్పించి, ఒక పని నేర్పవలెను. యుద్ధకాలమంతయు తన వెంట నుండిన విలియం లీకి మాత్రము వెంటనే విడుదలయు, ఏటేట ముప్పది డాలర్లును. ఇవి నీటిమీద వ్రాతలు కాలేదు. ముసలివారికి ఇచ్చు ఖర్చు 1833వరకు ఆ ఆస్తినుండి చెల్లింపబడెను. బానిసలను కలిగియుండిన తొలి అధ్యక్షులలో ఇంతపని చేసినవాడు మరియొకడు లేడు. స్వాతంత్ర్య ప్రకటన వ్రాసిన జెఫర్సనుగారు చనిపోయినప్పుడు కొద్దిమందిని మాత్రమే విడిపించెను; మిగిలినవారు అప్పులక్రింద వేలమునకు పోయిరి. కాబట్టి వాషింగ్టనుగారి మరణశాసనమును తేలికగా తీసివేయువారితో మేము ఏకీభవింపము.

ఆ డిసెంబరు 12న ఆయన మంచులో గుఱ్ఱమెక్కి పొలములు చూచి వచ్చెను. మరునాటికి గొంతు పట్టెను. 14న పడకమీద ఊపిరాడక యున్నప్పుడు, మార్తాగారిని పిలిచి రెండు వీలునామాలను తెప్పించి, ఒకదానిని పనికిరానిదని కాల్చివేయుమని యిచ్చి, రెండవదానిని భద్రపరచుమనెను. ఆ రాత్రి కన్ను మూసెను. ఆ గదిలో క్రిస్టఫర్ అను బానిస పగలంతయు మంచముప్రక్క నిలిచియుండగా, చనిపోవుచున్న ఆయన అది గమనించి కూర్చుండుమని చెప్పెనని లియర్ వ్రాసియున్నాడు. కరోలైన్ అను దాసి ద్వారమునొద్ద నిలిచియుండెను. ఆ యిద్దరును మార్తాగారి వంతువారు. భద్రపరచబడిన కాగితములో వారికి ఏమియు లేదు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయములో, మరణశాసనము వ్రాసినవాడు చనిపోయిన తరువాతనే అది చెల్లునని ఉన్నది. వాషింగ్టనుగారి శాసనము ఆయన చావుతోకూడ చెల్లలేదు, భార్య చావవలెను. తన ప్రియురాలైన భార్యకు ఆయన ఏమి విడిచి వెళ్లెనో ఆలోచింపుడి. చుట్టును నూటికి పైగా మనుష్యులు. ఆమె ఊపిరి ఆగిన క్షణమున వారికి విడుదల. వారే అన్నము వండువారు, వారే పొయ్యి రగిలించువారు. 1800 చివర అబిగెయిల్ ఆడమ్స్ అను అప్పటి అధ్యక్షుని భార్య ఆమెను చూడబోయి, ఆమెకు తన ప్రాణము వారి చేతులలో క్షేమముగా నున్నదని తోచలేదని వ్రాసెను. 1801 జనవరి 1న మార్తాగారు వారిని విడిపించిరి. 1802లో ఆమెయు గతించిరి. ఆమె వంతువారు నలుగురు మనుమలు మనుమరాండ్రకు పంచబడిరి. ఏ కాపురములు చీలునని భర్త పదునేడేండ్లు వెనుకాడెనో ఆ కాపురములు చీలనే చీలెను. వాయిదా వేయుటవలన ఆ చిక్కు తీరలేదు.

ఇది సాధ్యము కానిదని ఎవరైన అందురేమో. అదే వర్జీనియాలో రాబర్టు కార్టర్ అను భూస్వామి ఉండెను. 1778లో బాప్తిస్మము పొంది బాప్టిస్టు సంఘములో చేరి, బానిసలతోకూడ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందినవాడు. తరువాత ఆ సంఘమును విడిచి వేరొక బోధలోనికి పోయెను, ఆ సంగతి వేరు. 1791 సెప్టెంబరులో, తాను బ్రదికియుండగనే, 450 మందికి పైగా బానిసలను వరుసగా విడిపించు పత్రము వ్రాసి న్యాయస్థానములో దాఖలు చేసెను. పొరుగువారు గొణిగిరి; ఆయన ఆపలేదు. ఆ పేరు పటములలో లేదు, నాణెములమీద లేదు. మన సండేస్కూలు పుస్తకములలోను లేదు.

ఈ పాపము మన సంఘముల చరిత్రను కూడ తాకియున్నది. 1844లో బానిసలు గల యజమానుని మిషనరీగా పంపుదురా యని అమెరికా బాప్టిస్టులలో ప్రశ్న వచ్చినప్పుడు, బోస్టన్ పట్టణములోని మిషను బోర్డు పంపజాలమని చెప్పెను. దానితో 1845లో దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి వేరే సమాజము ఏర్పరచుకొనిరి. నెల్లూరులో డే దొరగారిని నిలిపియుంచినది ఆ బోస్టన్ బోర్డే. అక్కడివారు సరేయనియుండినచో తెలుగు దేశమునకు సువార్త ఎవరి చేతుల మీదుగా వచ్చియుండునో! అంటరానివాడని త్రోసివేయబడిన మన పెద్దలతో, దేవునియెదుట నీవును నేనును ఒక్కటేయని చెప్పుటకు ఆ దొరలకు నోరు వచ్చెననగా, దాని వెనుక ఎవరో ఒక బల్లచుట్టు కూర్చుండి, నష్టము వచ్చినను సరేయని తీర్మానించినవారు ఉన్నారు.

అయితే ప్రశ్న యింకను మిగిలియున్నది. ఆయన మేలు చేసినట్టా, చేయనట్టా? మేము తలచునది ఇది. విడిపింపబడిన 123 మందికి అది నిజమైన మేలు; చేసినవాడు ఆలస్యము చేసెనని స్వాతంత్ర్యము చేదు కాదు. కాని ఆ పదునేడు సంవత్సరముల వెల ఎవరు చెల్లించిరి? ఆయన కాదు. ఆ యేండ్లలో పొలములోనే ముసలివారైనవారు చెల్లించిరి. విడుదల చూడకయే పాతిపెట్టబడినవారు చెల్లించిరి. వాయిదా వేయువాడు తన కాలమును వాయిదా వేయుచున్నాననుకొనును. వాస్తవమునకు అతడు ఎదుటివాని కాలమును ఖర్చుపెట్టుచున్నాడు. అందుచేతనే సామెతల గ్రంథము మూడవ అధ్యాయములో జ్ఞాని, ద్రవ్యము నీయొద్ద నుండగా పొరుగువానితో పోయి రేపు రమ్మని అనకూడదని హెచ్చరించెను. యాకోబు తన నాలుగవ అధ్యాయపు చివర, మేలైనది చేయనెరిగి చేయనివానికి అది పాపమనెను. ఎప్పటికైన చేయుదునను తలంపు ఉన్నదా లేదా యని ఆయన అడుగలేదు. ఫేలిక్సు పౌలు మాట విని భయపడి, సమయము దొరకినప్పుడు పిలిపింతుననెను. జక్కయ్య నిలువబడి, సగము ఆస్తి బీదలకనెను. ఆ దినముననే ప్రభువు అతని యింటికి రక్షణ వచ్చెననెను.

మన పల్లెలలో బానిసలను కొన్నవారు లేరు. కనుక ఇది అమెరికావారి సంగతి యని తలుపు మూయుట తేలిక. కాని నాట్లు వేసిన కూలివారితో ఆదివారము రండి, ధాన్యము అమ్మినాక రండి అని త్రిప్పు రైతులు మన బల్లలమీదనే కూర్చుండి పాటలు పాడుచున్నారు. కూలివాని కూలి మరునాటి ఉదయమువరకు నీయొద్ద ఉండరాదని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము. తండ్రి ఆస్తిలో అక్కచెల్లెండ్ర వంతు తమ చేతిలోనే యుంచుకొని, మా తరువాత అంతా వాళ్లదేగదాయని నవ్వు అన్నదమ్ములున్నారు. ఆ చెల్లెలు విధవరాలై, బిడ్డల చదువుకొరకు ఊరూర అప్పు చేయుచుండును. పదియేండ్లుగా మాటలాడని సహోదరునితో, చావు పడకమీద చెయ్యి పట్టుకొందునులే అనుకొనువారును ఉన్నారు. వీరెవరును దుర్మార్గులు కారు. వాషింగ్టనుగారును దుర్మార్గుడు కాడు. అందరికిని ఒక మంచి తలంపు కలదు, అందరి తలంపును పెట్టెలో మడిచి భద్రముగా ఉన్నది.

యిర్మీయా ముప్పదినాలుగవ అధ్యాయములో సిద్కియా రాజు శత్రువు చుట్టుముట్టినప్పుడు యెరూషలేములోని దాసులను విడిపింపజేసెను. ముట్టడి సడలినట్లు కనబడగానే జనులు వారిని మరల పట్టుకొనిరి. మరణము గుమ్మమునకు వచ్చినప్పుడు మనకందరికిని మంచి తలంపులు వచ్చును. జ్వరము తగ్గిన తరువాత అవి ఎక్కడికి పోవునో సంఘకాపరులకు బాగుగ తెలియును.

ఓనా జడ్జి సంగతి ముగింపవలెను. 1799లో మార్తాగారి మేనల్లుడు పోర్ట్స్‌మత్‌కు వచ్చి ఆమెను పట్టుకొనిపోజూచెను. అప్పటికామె స్టెయిన్స్ అను నావికుని పెండ్లాడి, చంటిబిడ్డ తల్లియైయుండెను. సెనేటరు జాన్ లాంగ్డన్‌గారి యింటినుండి ముందుగా కబురు అందుటవలన ఆమె గ్రీన్‌లాండ్ అను ప్రక్క పల్లెకు తప్పించుకొనెను. భర్త చిన్నతనముననే పోయెను. ఇద్దరు కుమార్తెలును ఆమెకు ముందే చనిపోయిరి. ఇతరుల యిండ్లలో చాకిరి చేసి, ముసలితనమున ధర్మముమీద బ్రదికెను. వాషింగ్టను యింటిలో ఆమెకు ఎవరును అక్షరము గాని ప్రార్థన గాని నేర్పలేదు; స్వతంత్రురాలైన తరువాతనే చదువ నేర్చి, బైబిలు చదివి, విశ్వాసియయ్యెను. చట్టము ప్రకారము 1848 ఫిబ్రవరిలో చనిపోవువరకు ఆమె ఇంకను పారిపోయిన బానిసయే. ఏ వీలునామాయు ఆమెను విడిపింపలేదు. అంతకు కొద్ది సంవత్సరములముందు ఒక పాదిరిగారు ఆమె గుడిసెకు వచ్చి, వాషింగ్టనుగారి యింటిలో ఉన్నప్పటికంటె ఇక్కడ ఎక్కువ కష్టపడితివి గదా, విడిచి వచ్చినందుకు విచారపడుచున్నావా యని అడిగెను. ఆమె లేదని చెప్పెను. తాను స్వతంత్రురాలననియు, ఆ మార్గముననే దేవుని బిడ్డగా చేయబడితినని నమ్ముచున్నాననియు చెప్పెను.